గ్రేట్ వైట్ షార్క్‌ని బోనులోంచి చూడాలంటే

సముద్రంలోకి దించిన లోహపు బోనులో దిగి గ్రేట్ వైట్ షార్క్‌ని చూద్దామని వెళ్ళినవాళ్ళలో, తీరా సొర ఎదురుపడ్డాక భయపడి పైకొచ్చేసేవాళ్ళు అరుదు. కడుపులో తిప్పి అసలు దిగలేకపోయినవాళ్ళు, చలికి పది నిమిషాలకే పైకెక్కేసినవాళ్ళు, సొరలు వలసపోయిన చోటికి డబ్బు కట్టి వెళ్ళినవాళ్ళు మాత్రం బోలెడుమంది. కాబట్టి ధైర్యం సంగతి పక్కన పెడదాం. ముందు చోటు, తర్వాత పొట్ట, తర్వాత ఒంటి వేడి, ఆ తర్వాతే బోను.

ఎక్కడికి వెళ్ళాలి: పాత జాబితాలు నమ్మకండి

ఈ విషయంలో ఐదారేళ్ళ కిందటి సలహా కూడా పనికిరాదు. మూడు ప్రసిద్ధమైన చోట్లలో ఒకటి మూతబడింది, ఒకదాని తీరే మారిపోయింది.

మెక్సికోలోని గ్వాడలూపే దీవి దగ్గర నీళ్ళు అద్దంలా ఉండేవి. ఫోటోలు తీసేవాళ్ళంతా అక్కడికే పోయేవాళ్ళు. 2023 జనవరిలో మెక్సికో ప్రభుత్వం అక్కడ సొరల పర్యాటకాన్ని పూర్తిగా నిషేధించింది. ఇప్పటికీ ఆ దీవి పేరుతో ఎవరైనా టికెట్ అమ్మజూపితే దూరంగా ఉండండి.

దక్షిణాఫ్రికాలో గాన్స్‌బాయ్ ఊరు ఒకప్పుడు ఈ వ్యాపారానికి రాజధాని. కేప్‌టౌన్ నుంచి కారులో రెండు గంటల పైచిలుకు. పడవలు పక్కనున్న క్లైన్‌బాయ్ రేవు నుంచి డయర్ ఐలాండ్ వైపు వెళ్తాయి. దాని పక్కనే గీజర్ రాక్ మీద సొరలు వేటాడే కేప్ ఫర్ సీల్స్ (ఒంటినిండా బొచ్చుండే సముద్ర జంతువులు) వేలాదిగా ఉంటాయి. ఆ రెంటి మధ్య సన్నటి పాయనే షార్క్ ఆలీ అంటారు. 2017లో ఇక్కడి ఒడ్డుకి గ్రేట్ వైట్ కళేబరాలు కొట్టుకొచ్చాయి. వాటిలో కాలేయం లేదు. పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేరు పెట్టిన రెండు ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్ (ఓడల భాషలో పోర్ట్ అంటే ఎడమ, స్టార్‌బోర్డ్ అంటే కుడి; ఒకదాని వీపురెక్క ఎడమకీ, రెండోదానిది కుడికీ వాలి ఉంటుంది, పేర్లు అందుకే) సొరల పొట్ట చీల్చి, నూనె నిండిన కాలేయం ఒక్కటే తిని వదిలేస్తున్నాయని తేలింది. ఆ తర్వాత గ్రేట్ వైట్స్ అక్కడ వారాలు, నెలల తరబడి కనిపించకుండా పోవడం మొదలైంది. ఇప్పుడు గాన్స్‌బాయ్ పడవల చుట్టూ ఎక్కువగా తిరిగేది బ్రాంజ్ వేలర్ అనే రాగిరంగు సొర. చూడదగ్గదే, కానీ మీరు వెతుక్కుంటూ వెళ్ళింది అది కాదు. అదే దేశంలో తూర్పుగా ఉన్న మోసెల్ బేలో గ్రేట్ వైట్స్ కనిపించే అవకాశం మెరుగు. అక్కడ సీల్స్ ఉండే దీవి ఒడ్డుకి దగ్గరే కాబట్టి పడవ ప్రయాణం కూడా తక్కువ. అయితే 2022లో ఓర్కాలు గ్రేట్ వైట్‌ని వేటాడడం డ్రోన్ కెమెరాకి చిక్కింది కూడా ఆ ఊళ్ళోనే. అవి వచ్చిపోతే కొన్ని వారాలపాటు సొరల జాడ ఉండదు.

ఇప్పుడు కాస్త నమ్మకంగా చెప్పగలిగిన చోటు దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవులు. పోర్ట్ లింకన్ నుంచి పొద్దున్నే బయల్దేరితే చేరడానికే రెండున్నర, మూడు గంటలు, మళ్ళీ అంతే తిరుగు ప్రయాణం. మొత్తం పన్నెండు గంటల రోజు. పొడవుముక్కు ఫర్ సీల్స్ అక్కడ గుంపులుగా పిల్లల్ని పెడతాయి కాబట్టి ఏడాది పొడవునా ఏదో ఒక గ్రేట్ వైట్ తిరుగుతూనే ఉంటుంది. పెద్ద ఆడసొరలు చలికాలంలో, అంటే సుమారు మే నుంచి ఆగస్టు దాకా వస్తాయి. వేసవిలో సముద్రం కాస్త నెమ్మదిగా, నీళ్ళు కాస్త వెచ్చగా ఉంటాయి కానీ వచ్చేవి ఎక్కువగా మగవి, సైజులో చిన్నవి. నాలుగున్నర మీటర్లు దాటిన సొరని చూడాలనుంటే చలిని భరించక తప్పదు.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి పడమరగా ఫారలోన్ దీవులున్నాయి. సీజన్ సెప్టెంబరు నుంచి నవంబరు. అది సముద్ర అభయారణ్యం కాబట్టి ఎర వేసి సొరని పిలవడం నిషేధం. నీళ్ళు ఆకుపచ్చగా, ఐస్‌లా ఉంటాయి. రోజంతా బోనులో నిలబడి ఏమీ చూడకుండా వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఈ చోటు వద్దు.

ఎక్కడికి వెళ్ళినా డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: "గత రెండు వారాల్లో ఎన్ని రోజులు సముద్రంలోకి వెళ్ళారు, వాటిలో ఎన్ని రోజులు గ్రేట్ వైట్ కనిపించింది?" వట్టి "సొర" అని కాదు, జాతి పేరుతోనే అడగాలి. "సొర గ్యారంటీ" అన్న ప్రకటనలో సొర అంటే బ్రాంజ్ వేలర్ కూడా లెక్కే. మంచి పడవలవాళ్ళు రోజువారీ లెక్క రాసిపెట్టుకుంటారు, అడగ్గానే చెప్తారు. సొర కనిపించకపోతే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజుకి టికెట్ మారుస్తారా, ఆ టికెట్ ఎన్నాళ్ళు చెల్లుతుంది అన్నదీ అప్పుడే తేల్చుకోండి. ఊళ్ళో కనీసం మూడు రోజులు చేతిలో ఉంచుకుని, బుకింగ్ మొదటి రోజుకే పెట్టుకోండి. గాలి లేచి ప్రయాణం రద్దవడం మామూలే. ఆఖరి రోజుకి పెట్టుకున్నవాళ్ళకి రెండో అవకాశం ఉండదు.

బోను రకాలు, ఊపిరి పద్ధతులు

మూడు పద్ధతులున్నాయి. మీరు వెళ్ళే పడవది ఏ పద్ధతో ముందే తెలిసుండాలి. ఎందుకంటే ఒకదానిలో ఊపిరి బిగబట్టమంటారు, ఇంకోదానిలో బిగబడితే ప్రమాదం.

దక్షిణాఫ్రికాలో మామూలుగా వాడేది పడవ పక్కకి కట్టిన పొడవాటి బోను. ఐదు నుంచి ఎనిమిది మంది వరసగా నిలబడతారు. పైభాగం నీటిమట్టానికి కాస్త ఎత్తులో తేలుతుంది కాబట్టి తల బయటే ఉంటుంది. సిలిండరూ గొట్టమూ ఉండవు. సొర వస్తుంటే పడవ మీంచి "డౌన్!" అని కేక పడుతుంది. మీరు గుండె నిండా గాలి పీల్చుకుని, లోపలి కడ్డీ పట్టుకుని కిందికి మునగాలి. పది, పదిహేను సెకన్లు చూసి పైకి రావాలి. ఈత రానివాళ్ళు కూడా దిగొచ్చు.

నెప్ట్యూన్ దీవుల్లో వాడేది హూకా పద్ధతి. పడవ మీది కంప్రెసర్ నుంచి పొడవాటి గొట్టం, దాని చివర నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్. ఇక్కడ మొత్తం మునిగే ఉంటారు, ఊపిరి ఆగకుండా తీస్తూ వదులుతూ ఉండాలి. రెగ్యులేటర్ గాలి పీల్చి, బిగబట్టి పైకి లేవకూడదు. ఒకటి ఒకటిన్నర మీటరు లోతు నుంచి లేచినా ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి పొర చిట్లే ప్రమాదముంది. సొర దగ్గరికి రాగానే ఒళ్ళు తెలియకుండా ఊపిరి బిగబట్టేస్తాం. దానికి చిట్కా ఒకటే: బుడగలు వదులుతూ మనసులో "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టుకోండి.

మూడోది సముద్రం అడుగుకి దించే బోను. సుమారు 20 మీటర్ల లోతు. స్కూబా (వీపున గాలి సిలిండరుతో మునగడం) సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే. పోర్ట్ లింకన్ నుంచి రాడ్నీ ఫాక్స్ కుటుంబం నడిపే యాత్రల వల్ల పేరొచ్చిన పద్ధతి ఇది. ఆయన 1963లో దక్షిణ ఆస్ట్రేలియాలోనే గ్రేట్ వైట్ కాటుకి గురై బతికి, తర్వాత బోనుల యాత్రలకి ఆద్యుడయ్యారు. అడుగున తిరిగే సొర ఎర కోసం ఎగబడదు, తన మానాన తాను రాళ్ళ మధ్య తిరుగుతుంది. సర్టిఫికెట్ ఉంటే మాత్రం ఈ అవకాశం వదులుకోకండి. ఈ లోతుకి దిగాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు.

ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, ఈమధ్య చెవికో ఛాతీకో ఆపరేషన్ లాంటివుంటే హూకాకీ స్కూబాకీ డాక్టరు రాసిన కాగితం ముందే తీసుకోండి. రేవులో ఫారం నింపేటప్పుడు "అవును" అని టిక్కు పెట్టి కాగితం చూపించకపోతే పడవ ఎక్కనివ్వరు. దాచిపెట్టి ఎక్కడం అంతకన్నా తప్పు. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే దిగకండి. చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు.

పొట్ట

సొరని రప్పించాలంటే పడవ లంగరేసి ఒకే చోట గంటల తరబడి ఊగుతూ ఉండాలి. నడిచే పడవ కంటే నిలబడ్డ పడవే ఎక్కువ తిప్పుతుంది. దానికి తోడు పక్కనే తొట్టెలో చేపనూనె, ముక్కలు చేసిన చేపల ముద్ద. చమ్ అంటారు దాన్ని. ఆ వాసనకి గట్టి కడుపువాళ్ళు కూడా తేలిపోతారు.

మందు తల తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పని చెయ్యదు, వేసిన మాత్ర వాంతిలోనే పోతుంది. మెక్లిజిన్ అయితే 25 నుంచి 50 మిల్లీగ్రాములు, పడవ ఎక్కడానికి కనీసం గంట ముందు. అంతకుముందు రాత్రి కూడా ఒకటి వేసుకునేవాళ్ళున్నారు. హయోసిన్ ప్యాచ్ అయితే చెవి వెనక కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, మూడు రోజులు పనిచేస్తుంది. దాన్ని ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, కాబట్టి చేతులు కడుక్కోండి. గ్లకోమా ఉన్నవాళ్ళూ, ప్రోస్టేట్ ఇబ్బందున్నవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా ఈ ప్యాచ్ జోలికి పోవద్దు. ఏ మందైనా ప్రయాణానికి ముందు మామూలు రోజొకటి చూసి వేసుకుని చూడండి. కొందరికి బోనులోనే నిద్ర ముంచుకొచ్చేంత మత్తు వస్తుంది.

ముందురాత్రి మద్యం వద్దు. పొద్దున ఖాళీ కడుపుతోనూ వద్దు. నూనె లేనిది, పాలు లేనిది ఏదైనా కొంచెం తినండి. పడవలో వెనకభాగంలో, గాలి తగిలేచోట కూర్చుని దిగంతం వైపు చూడండి. ఫోనులోకీ కెమెరా తెరలోకీ చూస్తూ కూర్చుంటే అరగంటలో పని అయిపోతుంది. తిప్పుతున్నట్టనిపిస్తే బోనులోకి మొదటి జట్టులోనే దిగేయండి. నీళ్ళలో ఊగడం తక్కువ. వాంతి తప్పకపోతే గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఆ వైపు కడ్డీ దగ్గరికి వెళ్ళండి. బాత్రూములో తలుపేసుకుంటే ఇంకా పెరుగుతుంది.

చలి

గాలి కంటే నీళ్ళు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. గాన్స్‌బాయ్‌లో నీళ్ళు 12 నుంచి 17 డిగ్రీలు, ఫారలోన్ దగ్గర అంతకంటే తక్కువ. పైగా ఈత కొడుతూ ఉండరు, కదలకుండా నిలబడతారు. అందుకే 7 మిల్లీమీటర్ల మందం రబ్బరు వెట్‌సూటు, తలకి హుడ్, కాళ్ళకి బూట్లు తప్పనిసరి. చేతి తొడుగులు ఇవ్వకపోతే మీవి తీసుకెళ్ళండి.

అద్దె సూటు ఎంచుకునేటప్పుడు "హాయిగా ఉంది" అనిపించిందంటే అది మీకు పెద్దదని అర్థం. ఒడ్డు మీద కాస్త బిగుతుగా, మెడ దగ్గర ఇబ్బందిగా ఉండాలి. నడుము వెనక గుంటలోనూ చంకల్లోనూ గుడ్డ మడతపడితే ఆ ఖాళీలో చల్లనీళ్ళు చేరి, మీరు మునిగిన ప్రతిసారీ మారుతూ ఉంటాయి. సూటు వెచ్చగా ఉంచేది దాని రబ్బరులోని సన్నటి గాలిబుడగల వల్ల, కానీ లోపల చేరి ఒంటి వేడికి వెచ్చబడ్డ పల్చటి నీటిపొర కదలకుండా ఉండాలి. ఆ పొర కదిలితే సూటు ఉండీ లేనట్టే. తొడుక్కోవడానికి పాదానికి ఒక ప్లాస్టిక్ సంచి వేసుకుంటే కాలు సర్రున జారుతుంది. గోళ్ళతో లాగితే రబ్బరు చిరుగుతుంది, వేళ్ళ మెత్తటి భాగంతో చిటికెలు చిటికెలుగా పైకి తెచ్చుకోవాలి. హుడ్ కింది అంచు సూటు కాలరు లోపలికి దోపండి. పైన వదిలేస్తే వెన్ను మీదుగా నీళ్ళు కారతాయి. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళుంటే దిగే ముందు మెడ దగ్గర కొన్ని లోపలికి పోసుకోండి, మొదటి రెండు నిమిషాల వణుకు తప్పుతుంది.

నీళ్ళలో కంటే ఎక్కువ చలి వేసేది బయటికొచ్చాక. తడి సూటు మీద గాలి కొడుతుంది. రెండోసారి దిగే ఆలోచనుంటే సూటు విప్పకుండా పైన గాలి చొరని జాకెట్టు వేసుకోండి, తలకి ఉన్ని టోపీ.

మాస్కు

మీసం, గడ్డం ఉంటే మాస్కు ముక్కుకింద నీళ్ళు కారతాయి. మీసం పైఅంచు కాస్త గీసుకోవడమే సరైన మందు. అది ఇష్టం లేకపోతే సిలికాన్ గ్రీజు రాయండి. హుడ్ అంచు మాస్కు రబ్బరు కిందికి పోకుండా చూసుకోండి. కారే మాస్కుల్లో చాలావాటికి కారణం అదే, లేదా లోపల ఇరుక్కున్న ఒక పాయ జుట్టు. అద్దం లోపలివైపు బేబీ షాంపూ ఒక చుక్క రుద్ది, ఒక్కసారి కడిగితే ఆవిరి పట్టదు. హూకా పద్ధతిలో నీళ్ళు చేరితే పైకి రానక్కర్లేదు: తల కాస్త వెనక్కి వాల్చి, మాస్కు పైఅంచు నుదుటికి నొక్కిపట్టి, ముక్కుతో గాలి బలంగా వదలండి. నీళ్ళు కిందనుంచి పోతాయి.

బోనులో

దిగేటప్పుడు బోనుకీ పడవకీ మధ్య చెయ్యి పెట్టకండి. ఇక్కడ జరిగే గాయాల్లో ఎక్కువ ఇలాంటివే: నలిగిన వేళ్ళు, కడ్డీకి కొట్టుకున్న మోచేతులు, మోకాళ్ళు. అల పైకి లేచినప్పుడు కూర్చుని, దిగుతున్నప్పుడు జారండి.

లోపల రెండు వరసల కడ్డీలుంటాయి. బయటి వరస సొరకి, లోపలి వరస మీకు. పట్టుకోవాల్సింది ఎప్పుడూ లోపలిదే, రంగు వేసి ఉంటుంది. కాలి వేళ్ళు అడుగున ఉన్న అడ్డకడ్డీ కింద దూర్చండి. ఈ ఒక్క పని చెయ్యకపోవడం వల్లే చాలామంది సొర వచ్చిన క్షణంలో బెండులా పైకి తేలిపోయి ఆకాశం చూస్తూ ఉండిపోతారు. మోకాళ్ళు పైకి లేస్తున్నాయంటే తేలకుండా నడుముకి కట్టే సీసపు బెల్టు బరువు చాల్లేదు. సిగ్గుపడకుండా ఇంకో దిమ్మ అడగండి. కాళ్ళు వెనక్కి చాపితే పాదాలు వెనక కడ్డీల్లోంచి బయటికి పోతాయి. అటు చూసేవాళ్ళెవరూ ఉండరు.

"డౌన్" అన్న కేకతో పాటు "లెఫ్ట్", "రైట్" కూడా అరుస్తారు. అది బోనులో నిలబడి సముద్రం వైపు చూస్తున్న మీ ఎడమా కుడీ అవునా, పడవ మీదున్నవాళ్ళదా అన్నది దిగేముందే అడిగి తెలుసుకోండి. ఎర తాడు వైపు అందరూ చూస్తూ ఉంటారు. కానీ సొర ముందు వచ్చేది తరచూ కిందనుంచి. మునగగానే మొదట కాళ్ళకిందికి చూసి, తర్వాత తల ఎత్తండి.

మొదట కనిపించేది ఆకారం కాదు, నీళ్ళ రంగులో చిన్న తేడా. వీపు బూడిదరంగు కాబట్టి పైనుంచి చూస్తే చీకట్లో కలిసిపోతుంది. తర్వాత పొట్ట తెలుపూ వీపు రంగూ కలిసే గీత తేలుతుంది. చిత్తుకాగితం చించినట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది ఆ గీత. తోక తాపీగా ఊగుతుంటుంది. పక్కనుంచి పోతున్నప్పుడు కన్ను చూడండి. పూర్తి నలుపులా అనిపిస్తుంది కానీ వెలుతురు పడితే పాప చుట్టూ ముదురు నీలం వలయం కనిపిస్తుంది. ఎర మీదికి నోరు తెరిచిన క్షణంలో ఆ కన్ను వెనక్కి తిరిగి తెల్లగా అయిపోతుంది. కొన్ని సొరలకుండే మూడో రెప్ప దీనికి లేదు, కన్నుని కాపాడుకునే పద్ధతి అదే. పొట్టకింద వెనక రెక్కల దగ్గర రెండు గొట్టాల్లాంటివి వేలాడుతుంటే మగది. సైజు చెప్పేటప్పుడు మాత్రం కాస్త తగ్గించి చెప్పండి. నీళ్ళలో మాస్కులోంచి ప్రతిదీ మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది. మూడు మీటర్ల సొర నాలుగు మీటర్లుగా అనిపిస్తుంది.

సొర బోనుని ముక్కుతో తాకితే, కడ్డీ కొరికితే కంగారు పడకండి. దాని ముక్కు మీది సూక్ష్మరంధ్రాలు విద్యుత్తుని పసిగడతాయి. ఉప్పునీళ్ళలో లోహం చుట్టూ సన్నటి విద్యుత్తు పుడుతుంది, దాన్ని పరీక్షించడానికి వస్తుంది. లోపలి కడ్డీ వదలకుండా ఒక అడుగు వెనక్కి జరిగితే చాలు. చెయ్యి చాపి తాకబోవడం, సెల్ఫీ కర్ర బయటికి పెట్టడం కూడదు.

నిజంగా ప్రమాదమయ్యేది ఎర లాగే మనిషి తప్పు చేసినప్పుడు. ట్యూనా తలకాయ కట్టిన తాడుని సొర ముక్కు ముందునుంచి బోనుకి పక్కగా లాగాలి. తిన్నగా బోను వైపు లాగితే, వేగం మీదున్న సొర ఆగలేదు. వెనక్కి ఈదడం దానికి రాదు. 2016లో గ్వాడలూపే దగ్గర సరిగ్గా ఇలాగే ఎర మీదికి దూకిన సొర పక్క కడ్డీల్లోంచి లోపలికి దూరి, పైతలుపులోంచి బయటపడింది. లోపలున్న డైవరు గాయం లేకుండా తప్పించుకున్నాడు. 2019లో అక్కడే ఇంకో సొర కడ్డీల మధ్య ఇరుక్కుని చచ్చిపోయింది. కాబట్టి మీ వంతు రాకముందు డెక్కు మీదనుంచి పది నిమిషాలు ఆ తాడు మనిషిని గమనించండి. ఎర పదేపదే బోనుకి తగులుతుంటే, సొరకి తినిపిస్తుంటే, ఆ పడవలో దిగకపోవడమే మంచిది.

కెమెరా

మొదటి మునకలో కెమెరా వద్దు, కళ్ళతో చూడండి. తర్వాత చిన్న యాక్షన్ కెమెరా మణికట్టుకి తాడుతో కట్టుకోండి. ఫ్లాష్ ఆపేయండి. నీళ్ళలో తేలే చేపనూనె, ముక్కలు వెలుతురుకి మంచు కురిసినట్టు మెరుస్తాయి. ఫోటోలు ఒక్కొక్కటి నొక్కే బదులు సెకనుకి 60 ఫ్రేముల వీడియో తీసి తర్వాత అందులోంచి ఫ్రేములు ఏరుకోండి. ఎండ వీపు వెనక ఉన్న వైపు నిలబడితే సొర మీద వెలుగు పడుతుంది. వీలైతే వీపురెక్క వెనక అంచు స్పష్టంగా పడేలా పక్కనుంచి ఒక ఫోటో తియ్యండి. ఆ అంచులోని గాట్లు ఏ రెండు సొరలకీ ఒకేలా ఉండవు. చాలా పడవల్లో పరిశోధకులు వాటితోనే సొరల్ని గుర్తుపట్టి జాబితా రాస్తుంటారు. ఒడ్డుకి వచ్చాక తేదీ, సమయంతో ఆ ఫోటో వాళ్ళకివ్వండి. మీరు చూసిన సొరకి అప్పటికే పేరుంటే చెప్తారు.